మేనత్త ఇంటి చిరునామా

అమెరికా వీసా ఇంటర్వ్యూకని ఫిజీలోని సువాకు వెళ్లి తిరిగొచ్చిన సూనియా ముఖం చూడగానే టోకిలుపెకు సంగతి అర్థమైపోయింది. టోంగా దీవిలో విమానం దిగి బస్సెక్కి ఊళ్లోకి వచ్చేదాకా చొక్కా నలగకుండా కాపాడుకున్న మనిషి, గుమ్మం దాటగానే మర్యాద కోసం నడుముకు చుట్టుకున్న చాప విప్పి కుర్చీ మీద పడేసి మంచినీళ్లు అడిగాడు. వీసా వచ్చిన మొగుడు నీళ్లడుగుతాడా? పెళ్లాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పుతాడు. ఎత్తుకునేంత తేలిగ్గా ఆవిడా లేదనుకోండి, ఐదో నెల.

"ఏమడిగారు?" అంది గ్లాసు చేతికిస్తూ.

"అన్నీ బాగానే అడిగారు. మన పెళ్లి ఫొటోలు చూసి నవ్వారు కూడా. చివర్లో ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం..."

"నాన్చకు. ఏం ప్రశ్న?"

"మీ ఆవిడ కాపురం ఎక్కడా అని."

"నువ్వేం చెప్పావు?"

సూనియా అంత నీరసంలోనూ ఛాతీ విరుచుకున్నాడు. "ఉన్నదే చెప్పాను. మా ఊళ్లో, నా పక్కన. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క పూట కూడా నన్నొదిలి వెళ్లలేదన్నాను. ఇకముందు కూడా వెళ్లదన్నాను."

టోకిలుపె నెత్తి కొట్టుకుంది.

పాపం, తప్పంతా అతని మీద వెయ్యడానికీ లేదు. టోంగా మగాడికి పెళ్లాం వేరే దేశంలో ఉంటోందని చెప్పుకోవడం కంటే తలవంపు ఇంకోటి లేదు. సాయంత్రం కావా అనే మత్తు వేరు పానీయం గిన్నె చుట్టూ కూర్చున్న వాళ్లు ఊరుకుంటారా? "మీ ఆవిడ క్షేమమా? ఆవిడ కొత్త మొగుడు కూడా క్షేమమేనా?" అని పలకరిస్తారు. అందుకని సూనియా ఆ గాజు కిటికీ ముందు తన కాపురం ఎంత గట్టిదో చెప్పుకుని మురిసిపోయాడు. కిటికీ అవతలి వాళ్లకు కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. అమెరికా పౌరురాలైన పెళ్లాం మొగుణ్ణి అక్కడికి పిలిపించుకోవాలంటే ఆమె స్థిరనివాసం అమెరికాలో ఉండాలి. లేకపోతే మొగుడు అక్కడ కాలు పెట్టేనాటికైనా తన కాపురం అక్కడికి మారుస్తున్నట్టు ఆనవాళ్లు చూపించాలి. ఉండే ఇల్లు, చేసే పని, పిల్ల చదివే బడి, ఇలాంటివి. ఎక్కడికీ కదలదని కట్టుకున్నవాడే సాక్ష్యం చెప్పాక వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఆనవాళ్లు తెచ్చి మళ్లీ రమ్మని పంపేశారు.

"నువ్వు పుట్టింది అక్కడే కదా! అది చాలదా?" అన్నాడు సూనియా ఉక్రోషంగా.

"పుట్టడం వేరు, ఉండటం వేరు మహానుభావా."

టోకిలుపె కాలిఫోర్నియాలో పుట్టింది. పంతొమ్మిదో ఏట నాయనమ్మ చావుకు టోంగా వచ్చి, చర్చిలో మంద్రంగా పాడుతున్న ఒక జాలరి కుర్రాణ్ణి చూసి, తిరుగు టిక్కెట్టు వదులుకుంది. తర్వాత అక్కడ తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని బ్రిస్బేన్ వెళ్లిపోయింది. అమెరికాలో ఆమెకంటూ మిగిలింది చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఒక్కటే. పోనీ ఇక్కడేమైనా ఉందా అంటే, సముద్రంలో అగ్నిపర్వతం పేలిన రోజు వచ్చిన అల వాళ్ల ఇంటినీ సూనియా పడవనీ కలిపి ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి సూనియా రేవులో మూటలు మోస్తున్నాడు. సముద్రం హోరు కాస్త పెరిగితే చాలు, కూతురు సియాలె లేచి కూర్చుని తల్లి మెడ పట్టుకుంటుంది. ఏడేళ్ల పిల్ల అలా బిగుసుకుపోతుంటే టోకిలుపె తెల్లార్లూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. సముద్రం వినిపించని చోటికి పిల్లను తీసుకుపోవాలి. ఆవిడ కోరిక అంతే.

ఇప్పుడు తలదాచుకుంటున్న ఇల్లు సూనియా అక్క లెసియేలిది. ఆవిడ ఇరవై ఏళ్ల కిందటే అమెరికా పోయి, కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో ముసలివాళ్లకు సేవలు చేసే పనిలో స్థిరపడి, సొంత ఊళ్లో మెరక మీద ఈ ఇల్లు కట్టించింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. అమెరికాలో ఇల్లు ఉన్నట్టు చూపించాలంటే అక్కడ కూడా మళ్లీ ఆవిడ గుమ్మమే ఎక్కాలి.

మనలో మేనత్తకు మర్యాద ఉంది. అక్కడ మేనత్తది ఏకంగా రాజ్యం. పెళ్లయినా చావైనా ఆవిడకు అందరికంటే మంచి చాప వెయ్యాలి. పిల్లలకు పేరు ఆవిడే పెట్టాలి. ఆవిడ నోరు తెరిచి అడిగిందా, ఇవ్వాల్సిందే. ఎందుకని అడిగేవాడు లేడు. ఇది చాలదన్నట్టు అన్నాచెల్లెళ్లకు, అక్కాతమ్ముళ్లకు మధ్య ఇంకో కట్టు. ఈడొచ్చాక ఒకే గదిలో కూర్చోరు, ఎదురుపడి నవ్వుకోరు, వాదించుకోవడమన్న మాటే లేదు. అక్క ఫోనులో తెర మీద కనిపించినా సరే, సూనియా లేచి పెరట్లోకి పోవాల్సిందే. అక్కతో ఏం మాట్లాడాలన్నా టోకిలుపె మాట్లాడాలి. కిటికీ బయట మామిడి చెట్టు కింద నిలబడి అతను వినాలి.

ఆ ఆదివారం అలాగే జరిగింది. చర్చి అయింది, నేలపొయ్యిలో వండిన చామాకు పొట్లాల భోజనం అయింది. టోకిలుపె ఫోను చేసి సంగతంతా చెప్పింది.

"వాడంతే. చిన్నప్పట్నుంచీ వాడికి అడిగినదానికంటే నాలుగు మాటలెక్కువ," అంది లెసియేలి. "ఏం చూపించాలన్నారు?"

"ఇల్లు వదినా. మీ వెనక గది అద్దెకిచ్చినట్టు ఒక కాగితం..."

"రాసిస్తాను. పని? మా దగ్గర ముసలమ్మలకు అన్నం పెట్టే మనుషులు ఎప్పుడూ కావాలి, అదీ రాయిస్తాను. ఇంకా?"

"పిల్లకు బడి."

"సియాలెని పంపించెయ్. ఆగస్టులో బడి తెరుస్తారు. నేను చర్చి మహాసభకు అక్కడికి వస్తున్నాగా, వెళ్తూ తీసుకుపోతాను."

"దానితో నేను కూడా వద్దామనే వదినా. కానీ మాయ కిందికి ఉందని, కాన్పు అయ్యేదాకా విమానం ఎక్కొద్దని డాక్టరు..."

"నిన్ను రమ్మన్నానా? పిల్లని పంపమన్నాను. దాని అమెరికా పాస్‌పోర్టు దానికుంది. దానికి పేరు పెట్టింది నేను, దానికి అన్నం పెట్టలేనా?"

టోకిలుపె కిటికీలోంచి చూసింది. సూనియా మామిడి కాండానికి వీపు ఆనించి కాళ్ల వంక చూసుకుంటున్నాడు.

"నువ్వు చెప్పు, పంపుదామా?" అని తర్వాత అడిగితే, "అక్క అడిగింది కదా," అన్నాడు. అంతకంటే ఇంకేం చెప్పగలడు!

పక్కింటి ఫిపె మాత్రం కడుపులో ఏదీ దాచుకునే రకం కాదు. ప్రయాణం రోజున సియాలె జడలు వేస్తూ, "పిల్లని బడికి పంపిస్తున్నావా, మేనత్తకి ఇచ్చేస్తున్నావా?" అంది.

"బడికే పిన్నీ. మేం వెళ్లేదాకా."

"నువ్వు అమెరికాలో పెరిగావు, నీకు తెలీదు. పిల్లల్లేని మేనత్త చేతికి పిల్ల వెళ్లిందంటే తిరిగి అడగడానికి మనకి నోరుండదు. నా రెండోవాణ్ణి మా ఆడబిడ్డ పెంచింది. ఇప్పుడు వాడు కూడా ఊరందరిలాగే నన్ను పిన్నీ అంటాడు."

"ఊరుకో పిన్నీ, పిల్ల వింటోంది," అంది టోకిలుపె. విమానాశ్రయంలో సియాలె ఏడవలేదు. అక్కడ సముద్రం వినిపించదని అత్త చెప్పిందట. మేనత్త చెయ్యి పట్టుకుని గంతులేస్తూ లోపలికి వెళ్లింది.

ఏడుపు రెండో వారంలో మొదలైంది. తెర మీద ముఖం కనిపించడం ఆలస్యం, "అమ్మా, నన్ను తీసుకుపో," అని. పక్కనే లెసియేలి కూర్చుని దాని వీపు రాస్తూ, "కొత్త కదా, సర్దుకుంటుందిలే," అనేది. ఆ రోజుల్లో టోకిలుపె తిన్నది లేదు, పడుకున్నది లేదు.

"తెచ్చేసుకుందాం సూనియా. ఎవరైనా తెలిసినవాళ్లు వస్తుంటే వాళ్లతో పంపించెయ్యమంటాను."

"తెచ్చేసుకుంటే ఇంకేం మిగిలింది?" అన్నాడు సూనియా మెల్లగా. "నువ్వు ఇక్కడ, బిడ్డ ఇక్కడ. అక్కడ మనకి ఇల్లుందని ఏం చూపిస్తాం? ఆ గది కాగితం ఒక్కటి పట్టుకెళ్తే నవ్వుతారు."

అతను అన్నది నిజమే, అందుకే ఆమెకు ఒళ్లు మండింది. పిల్ల అక్కడ ఉంటేనే వీళ్లకు అక్కడ కాపురం ఉన్నట్టు. పిల్లను వెనక్కి తెస్తే పిల్ల కోసం పడుతున్న పాట్లన్నీ బూడిదలో పోసినట్టే. పిల్ల కోసమే పిల్లను వదులుకోవాల్సి వచ్చింది. ఏ దిక్కుకు తిరిగినా గోడే తగులుతుంటే మనిషి ఎంతసేపని తిరుగుతాడు? టోకిలుపె కాన్పు కోసం చూస్తూ మంచం మీద పడుకుంది.

అక్టోబరులో బాబు పుట్టాడు. అప్పటికి సియాలె ఏడుపు మానేసింది. ఏడ్చినప్పుడు ఎంత బాధపడిందో, మానేసినప్పుడు టోకిలుపె అంతకు రెండింతలు బాధపడింది. పిల్లకు ఎర్ర కోటు వచ్చింది. పుచ్చిన పన్ను బాగుచేయించారు. ఇప్పుడు హాయిగా పడుకుంటోందట, ఒక్కసారి కూడా లేవడం లేదట. అత్త గదిలోనే, అత్త పక్కలోనే. అది నిజమని పిల్ల బుగ్గలు చూస్తే తెలుస్తోంది. లెసియేలి చెడ్డ మనిషైతే ఎంత బావుండేదని టోకిలుపె ఒక్కోసారి అనుకునేది. అలా అనుకున్నందుకు తనను తనే తిట్టుకునేది.

బాబు పాస్‌పోర్టు కోసం ఎదురుచూస్తూనే కాగితాలు మళ్లీ పంపారు. జనవరి నెలాఖరులో రమ్మని సువా నుంచి కబురొచ్చింది. ఆ మాట చెబుదామని ఫోను చేస్తే, లెసియేలి సంతోషంగా తలూపి, పక్కన బొమ్మ వేసుకుంటున్న సియాలె జుట్టు సవరిస్తూ అంది:

"మంచిదే. వచ్చెయ్యండి. వెనక గది మీకు. ఓ ఏడాది పోయాక వాడికి ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్దురుగాని. సియాలెని మాత్రం నేను ఉంచుకుంటానే లుపె."

"ఉంచుకోవడమంటే..."

"నా దగ్గరే ఉంటుంది. నీకు బాబున్నాడు, ఇంకా పుడతారు. నాకెవరున్నారు?" ఆవిడ గొంతులో దబాయింపు లేదు. ఉప్పో చింతపండో అడిగినట్టు అడిగింది, వస్తుందని తెలిసినవాళ్లు అడిగినట్టు.

ఫోను పెట్టేశాక టోకిలుపె పెరట్లోకి వెళ్లి సూనియా ఎదురుగా నిలబడింది.

"విన్నావా?"

"విన్నాను."

"ఏదో ఒకటి అను మరి!"

"ఏమననే? ఆవిడకి నేనేం చెప్పగలను? మా నాన్నే చెప్పలేడు బతికుంటే." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దంటే అక్కడి గది పోతుంది. ఈ ఇల్లూ ఆవిడదే. ఊళ్లో నా ముఖం ఎవడూ చూడడు."

"పోనీ! అన్నీ పోనీ. వీసా వద్దు. ఈ ఇల్లూ వద్దు. పాక వేసుకుందాం. సముద్రం హోరుకి రాత్రంతా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను." టోకిలుపె వెక్కిళ్లు ఆపుకుంది. "దాన్ని ఒక్క మాట అడగాలి సూనియా. వస్తావా అని. అది ఊ అంటే చాలు, ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తాను. మీ అక్క కాళ్లు పట్టుకుంటాను, ఊరంతా తిట్టినా పడతాను. కానీ అడిగేదెలా? మీ అక్క ఒక్క క్షణం దాని పక్కనుంచి లేవదు. ఆవిడ ముందు అదేం చెబుతుంది?"

ఆ వారమంతా సూనియా ఏదో ఆలోచిస్తూ తిరిగాడు. బుధవారం సువా ప్రయాణం అనగా ఆదివారం వచ్చింది. టోకిలుపె ఎప్పటిలాగే బాబును పక్కలో వేసుకుని ఫోను కలిపింది. అక్కడ శనివారం సాయంత్రం, అప్పుడే చీకటి పడింది. లెసియేలి భుజాల మీంచి ఊలు శాలువా తీసి కుర్చీ మీద వేసి కూర్చుంది. ఆవిడను ఆనుకుని సియాలె కూర్చుంది.

"బాబు నవ్వుతున్నాడా అమ్మా?" అంది సియాలె. మాటలో కొత్త యాస చేరింది.

"నిద్రలో నవ్వుతున్నాడు తల్లీ, అదిగో..."

గుమ్మంలో అలికిడైంది. టోకిలుపె తిరిగి చూసింది. సూనియా చర్చికి కట్టుకున్న బట్టలు ఇంకా మార్చలేదు. నడుముకు చాప చుట్టుకుని, తల వంచుకుని, గదిలోకి వచ్చాడు. వచ్చి తిన్నగా ఫోను ముందు చతికిలబడ్డాడు.

"క్షమించక్కా," అన్నాడు నేల వంక చూస్తూ.

తెర మీద లెసియేలి ముఖం పాలిపోయింది. ఇరవై ఏళ్లలో తమ్ముడి గొంతు అంత దగ్గరగా ఆవిడ విని ఉండదు. కోప్పడుతుందని టోకిలుపె అనుకుంది. ఆవిడ కోప్పడలేదు. తమ్ముడున్న చోట కోప్పడటానికైనా ఆవిడ ఉండకూడదు. చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, గబగబా లేచి వెళ్లిపోయింది. వీధి తలుపు తీసి వేసిన చప్పుడు వినిపించింది.

సియాలె ఒక్కతే మిగిలింది. ఆగస్టు తర్వాత అది ఒక్కతే కనిపించడం అదే మొదలు.

అప్పుడర్థమైంది టోకిలుపెకు, మొగుడు వారం రోజులు ఏం ఆలోచించాడో. అక్కను ఎదిరించలేడు. అక్క ఉన్న చోటికి రావడం మాత్రం వచ్చు, అతనొస్తే ఆవిడ వెళ్లిపోక తప్పదు. అంత సిగ్గూ మింగి వచ్చి కూర్చున్నాడు. ఆ క్షణంలో అతని మీద ఆమెకు పుట్టిన ప్రేమ పెళ్లినాడు కూడా పుట్టలేదు.

"సియాలె, ఇలా చూడమ్మా," అంది గొంతు తగ్గించి. "అమ్మకి నిజం చెప్పు. నీకు ఇక్కడికి వచ్చెయ్యాలని ఉందా? నువ్వు ఊ అను చాలు, అమ్మ వచ్చి తీసుకొచ్చేస్తుంది. ఎవరూ నిన్నేమీ అనరు. అత్త కూడా అనదు."

సియాలె తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది. తర్వాత అత్త వెళ్లిన తలుపు వంక చూసింది.

"చెప్పు తల్లీ, భయపడకు."

"అమ్మా, నాన్నని బయటికి వెళ్లిపొమ్మని చెప్పు."

"ఎందుకమ్మా? నాన్నే కదా..."

"నాన్న ఉంటే అత్త లోపలికి రాదుగా. బయట చాలా చలిగా ఉందమ్మా. అత్త శాలువా కూడా ఇక్కడే వదిలేసింది."

పిల్ల శాలువా తీసుకుని రెండు చేతులా గుండెలకు హత్తుకుని కూర్చుంది. సూనియా తలెత్తి కూతుర్ని ఒక్కసారి చూశాడు. తర్వాత నేల మీద చెయ్యి ఆనించి ముసలివాడిలా లేచి, పెరట్లోకి వెళ్లిపోయాడు. సియాలె అప్పటికే తలుపు దగ్గరికి పరిగెత్తింది. "వెళ్లిపోయాడత్తా, వచ్చెయ్!" అన్న కేక టోంగాలో ఈ గదిలోకి కూడా వినిపించింది.

లెసియేలి వచ్చి కూర్చుంది. చలికి ముక్కు ఎర్రబడింది. పిల్ల శాలువా ఆవిడ భుజాల చుట్టూ కప్పి, చివరలు సర్ది, మళ్లీ ఆనుకుని కూర్చుంది.

"ఏమిటే వాడికి? ఏం కావాలట?"

"ఏం లేదు వదినా. బుధవారం ప్రయాణం కదా, మీ దీవెన కోసం వచ్చాడు."

ఆవిడ ముఖం మెత్తబడింది. "పిచ్చి సన్నాసి. ఈసారైనా ఇల్లెక్కడా అంటే సరిగ్గా చెప్పమను."

"చెబుతాడు వదినా," అంది టోకిలుపె. బాబు ఏడుస్తున్నాడని చెప్పి ఫోను పెట్టేసింది.

బాబు ఆమె పక్కలో నిద్రపోతూనే ఉన్నాడు.